పుల్లకంటిన తడి

చమురు బావి తవ్వే చోట ఆమెని అందరూ రాళ్ళక్క అంటారు. యంత్రం భూమిలోంచి కక్కిన రాతిపొడిని కడిగి, ఆరబెట్టి, నీలి దీపం కింద పెట్టి చూడటం ఆమె పని. చమురంటిన పొడి ఆ దీపం కింద పసుప్పచ్చగా మెరుస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఆ రేకుల గదిలో కూర్చుని చూస్తోంది. మెరిసింది తక్కువ, మెరవనిదే ఎక్కువ. ఆమె ముఖం చూసి ఫలితం పసిగడదామని పనివాళ్ళు తొంగిచూస్తుంటారు గానీ వాళ్ళ పప్పులుడకవు. ఆ ముఖమూ రాయే.

ఆ మధ్యాహ్నం గదిలో రేడియో మోగుతోంది. శాసనసభలో ఆమె తమ్ముడు మాట్లాడుతున్నాడు. ఇంధనం ధర దిగాలంటే పరాయి దేశాల గడ్డాలు పట్టుకోవడం మానాలనీ, మన చమురు మనమే తోడుకోవాలనీ మూడేళ్ళుగా వాడిది ఒకటే పాట. ఆ పాట ఆమెకీ ఇష్టమే. వాళ్ళ నాన్న లారీ తోలి ఇద్దర్నీ చదివించాడు. డీజిల్ ధరకి తట్టుకోలేక ఆ లారీని పెరట్లో నిలబెట్టి, టార్పాలిన్ కప్పి, నాలుగేళ్ళుగా దాని చుట్టూ తిరుగుతున్నాడు. తమ్ముడి కోపం ఆ పెరట్లో పుట్టిందే. అందులో నటన లేదు.

ఆ రోజు మాత్రం పాటలో కొత్త చరణం చేరింది. జలాశయం పక్కన తవ్విన బావిలో తడి తగిలిందనీ, పరీక్షించినవాళ్ళే తనకి చెప్పారనీ అన్నాడు. సభలో బల్లలు చరిచిన చప్పుడు రేడియో పగిలేలా వినిపించింది. రాళ్ళక్క చేతిలో జల్లెడ జారి కిందపడింది.

పరీక్షించినవాళ్ళు అంటే ఆమే. రెండు రోజుల క్రితం తమ్ముడు ఫోన్లో ఏమైనా తగిలిందా అని అడిగితే, నోట్లో ముద్ద పెట్టుకుని, "ఆ, తడి ఉంది" అంది. ఆ బావి దగ్గర తడి అంటే పొడి మీద పేరుకి కాస్త మెరుపు, తోడటానికి లోపల ఏమీ లేదని అర్థం. ఆ మాట వాళ్ళలో ఎప్పటినుంచో నలుగుతోంది. బయటివాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఇప్పుడా ఒక్క మాట పట్టుకుని చట్టం తెస్తున్నారు. నీళ్ళకి ముప్పుందేమోనని ఏళ్ళ తరబడి చేసే పరీక్షలు ఎత్తేసి, ఊరంతా తాగే ఆ జలాశయం చుట్టూ నలభై బావులు తవ్వేస్తారట. పై సోమవారం సభా సంఘం ముందు ఆమె వచ్చి సాక్ష్యం చెప్పాలి.

మర్నాడే తమ్ముడి ఆఫీసుకి వెళ్ళి అర్థం విడమరిచి చెప్పింది. వాడు తల పట్టుకుని కూలబడ్డాడు.

"మీ పని భాష నాకేం తెలుసక్కా? నువ్వు ఉందన్నావు, నేను ఉందన్నాను."

తప్పంతా తన నోటిదే అనిపించి ఆమె కుంగిపోయింది. వాడు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. అబద్ధం చెప్పమని తాను అడగడం లేదన్నాడు. తడి ఉందా అంటారు, ఉంది అను, అంతకుమించి నోరు విప్పకు, అన్నాడు. చట్టం నెగ్గితే నలభై బావుల్లో ఒక్కదాంట్లోనైనా చమురు పడకపోతుందా అన్నాడు. "నాన్న కోసమే కదే" అన్నాడు చివర్న. ఆమె సరేలే అనేసి వచ్చేసింది.

ఆదివారం నాన్నని చూడటానికి వెళ్తే పెరట్లో టార్పాలిన్ లేదు. లారీ ముఖం కడుక్కుని, కొత్త టైర్లు తొడుక్కుని నిలబడి ఉంది. ధర దిగగానే మొదటి కిరాయి తనదేనని నాన్న చిన్నపిల్లాడిలా సంబరపడిపోతున్నాడు. డెబ్బై ఏళ్ళ మనిషి కళ్ళలో ఆ వెలుగు చూసి, సరే అనడమే మంచిదైందనుకుంది ఆమె.

ఆ లారీలో ఇంధనం ఎంతుందో చూపే ముల్లు ఏనాడూ పనిచేయలేదు. నాన్న ఎప్పటిలాగే ట్యాంకు మూత తీసి, పొడుగాటి పుల్ల ముంచి, పైకి లాగి చూశాడు. కొస మాత్రం నల్లగా మెరిసింది.

"తడే ఉందమ్మా" అని డీజిల్ డబ్బా కోసం వెళ్ళబోయాడు.

రాళ్ళక్క గుండెల్లో నిజంగానే రాయి పడింది. ఆ మాట బావి దగ్గర పుట్టలేదు. ఈ పెరట్లోంచి తనే తీసుకెళ్ళి అక్కడివాళ్ళకి అంటించింది. ఈ ఇంట్లో తడి అంటే ట్యాంకు ఖాళీ.

"నాన్నా, తడి అంటే ఏంటో తమ్ముడు మర్చిపోయుంటాడా?"

"వాడా? మొన్న టైర్లు బిగించిన రోజు పుల్ల ముంచింది వాడే. తడే నాన్నా, డబ్బా తెస్తానుండు అని పరిగెత్తాడు."

టైర్లు ఎప్పుడు బిగించారని అడిగింది. వాడు సభలో మాట్లాడటానికి ముందు రోజన్నాడు నాన్న. అంటే ఆమె ఫోన్లో చెప్పిన మర్నాడే. ఆమె లారీ మెట్టు మీద కూర్చుండిపోయింది. తల పట్టుకున్న వాడి చేతులు గుర్తొచ్చాయి. తను ఆ చేతుల్ని నమ్మింది. కోపం కంటే సిగ్గు ఎక్కువ వేసింది. నాన్నకి ఏమీ చెప్పలేదు. కొత్త టైర్లు చూసి బాగున్నాయంది.

సోమవారం సంఘం గదిలో పొడుగాటి బల్ల, పన్నెండు మంది సభ్యులు. తమ్ముడు ఎదురుగా కూర్చున్నాడు. అక్క అని పిలిస్తే బాగుండదని మేడమ్ అన్నాడు.

"ఒక్క మాటలో చెప్పండి మేడమ్. తడి ఉందా, లేదా?"

"ఉంది" అంది ఆమె. వాడి భుజాలు కాస్త దిగాయి. "మా నాన్న పుల్లకి అంటినంత."

అధ్యక్షురాలు కళ్ళద్దాలు సవరించుకుని, అంటే ఏమిటో వివరంగా చెప్పమంది.

"దాని అర్థం ఆ సభ్యుడికి నాకంటే బాగా తెలుసండి. ఆయన్నే అడగండి."

మిగతా తలలన్నీ అటు తిరిగాయి. తమ్ముడు ఎదురుగా ఉన్న కాగితాలు సర్దాడు, మళ్ళీ సర్దాడు. ఆమె వాడి వైపు చూడలేదు. చూస్తే ఏడుస్తుంది. వాడు కాదంటే, మర్చిపోయానంటే, ఇక జన్మలో వాడితో మాట్లాడలేనని ఆమెకి తెలుసు.

"ఖాళీ అని" అన్నాడు తమ్ముడు.

మాటలు రాసుకునేవాళ్ళకి వినపడలేదు. మళ్ళీ చెప్పమన్నారు.