యర్రమ్మ వాకిట్లో రైలు

ప్రోతరాపూర్‌లో రైలు వెళ్ళాకే ఇళ్ళలో దీపాలు పెట్టేవారు. నడిసముద్రంలోని ఆ దీవుల్లో ఎక్కడా గజం రైలుపట్టా లేదు, అయినా అలవాటు అలవాటే. మునిమాపు వేళ అడవి అంచు నుంచి తల్లి చుంచెలుక బయలుదేరేది. దాని తోక మొదలు పట్టుకుని ఒక పిల్ల, దాని తోక పట్టుకుని ఇంకొకటి, అలా బారుగా యర్రమ్మ వాకిట్లోంచి పోతూ అచ్చం పలాస పాసింజరులా కూసేవి. పొయ్యి మీద మూతలు గడగడలాడేవి. బండి దాటాక ఆడవాళ్ళు అగ్గిపుల్ల గీసేవారు.

యర్రమ్మ మొగుడు అప్పలరాముడు పలాస దగ్గర రైలుగేటు కాపలావాడి కొడుకు. ఆ కూత వినకపోతే అతనికి ముద్ద దిగదు. అలాంటిది, ఆ ఏడు వానలు వెలిశాక రైలు రావడం మానేసింది.

"నానుండలేనే. ఇశాపట్నం ఓడెక్కీసి ఎల్లిపోదాం" అన్నాడు.

యర్రమ్మ వాకిలి వంక చూసింది. సముద్రం అవతల ఉన్నన్నాళ్ళూ పరాయి వాకిళ్ళే ఊడ్చింది. తనదంటూ ఉన్న వాకిలి ఇదొక్కటే. అందుకే, ఆ ఏడు మరీ, ఎండాకు కనబడితే చాలు, ఊడ్చి తగలబెట్టి, కళ్ళాపి జల్లి, ముగ్గేసి మురిసిపోయేది.

ప్రార్థనకి పోతూ పక్కింటి హిందీ ఆవిడ పుష్పవతి ఆగి, ఆ చీపురు చూసి నెత్తి కొట్టుకుంది.

"అరే దీదీ! చుంచులేమన్నా చూహాలా, మామూలు ఎలకలా, నీ బియ్యం తిని బతకడానికి? పురుగులు కావాలి వాటికి, రోజంతా తింటూనే ఉండాలి. పురుగులుండేది ఆకుల కిందే కదా! నువ్వు ఇంత సఫా చేసేస్తే ఎక్కడ బతుకుతాయి?"

రైలుని తరిమింది తనేనని తెలిసి యర్రమ్మ కుమిలి కుమిలి ఏడ్చింది. తర్వాత చీపురు చూర్లో దోపేసి, అడవి అంచు నుంచి తట్టలతో తడి ఆకులు తెచ్చి ముగ్గు మీదే పోసింది. చూసినవాళ్ళు నవ్వారు. ఆ చెత్త తొక్కాలంటే ఆమెకే ఒళ్ళు జలదరించేది, అయినా పోస్తూనే ఉంది.

ఓడ రోజు రానే వచ్చింది. సాయంత్రం రేవుకెళ్ళే ఆఖరి బస్సుకని అప్పలరాముడు ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

"కాసేపాగు మావా" అంది యర్రమ్మ, మూట చంకలో పెట్టుకుని.

"ఏటాగడం? బస్సెల్లిపోద్ది."

అప్పుడే వంటింట్లో మూతలు గడగడలాడాయి. ఆకులు కదిలి మొనదేలిన మూతి ఒకటి బయటికొచ్చింది. వెనకే పిల్లలబారు. కూత పెట్టుకుంటూ వచ్చి, సరిగ్గా అప్పలరాముడి ముందు బండి ఆగిపోయింది.

గేటువాడి కొడుక్కి వేరే చెప్పాలా? పెట్టె దించి, భుజం మీది పచ్చ తువ్వాలు తీసి జెండాలా ఊపాడు. బండి కదిలింది. అటు రోడ్డు మీద బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది.

అప్పలరాముడు అదే తువ్వాలుతో కళ్ళొత్తుకున్నాడు.

"పెట్టె లోపలెట్టీయే. గేటొదిలీసి ఎలాగెల్తాను?"

యర్రమ్మ లోపలికెళ్ళి దీపం పెట్టింది.