లెక్క తప్పిన రోజు

కొరియా దక్షిణపు కొండల్లో గ్వాక్ జిన్సొ పండితుడి మాటకు ఎదురులేదు. మనిషిలో పుట్టే భావాలు ఏడు: సంతోషం, కోపం, దుఃఖం, భయం, ప్రేమ, ద్వేషం, కోరిక. దేని హద్దు దానికుంది, హద్దు దాటితే ఏదైనా మలినమేనని ఆయన వాదం.

చలికాలం చివర ఆయన కూతురు దల్లే జ్వరంతో పోయింది. ఎనిమిదేళ్ళు నిండని పిల్లలకు మైలబట్టలు కట్టరు. బతికిన నెలకొక రోజు చొప్పున ఏడుస్తారు, అంతే. జిన్సొ ఆ రోజులు పొల్లుపోకుండా లెక్కపెట్టి, చివరి సాయంత్రం ఇక చాలని భార్యతో చెప్పాడు. ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. ఆనాటినుంచి ఏడవనూ లేదు, అవసరానికి మించి మాట్లాడనూ లేదు. అంత చదువూ చదివి ఇల్లాలి చేత ఒక్క మనసులోని మాట పలికించలేకపోయాడు పాపం.

ఈమధ్య ఏటి ఒడ్డు మండపంలో పాఠం చెబుతుంటే దల్లే వస్తోంది. పట్టపగలే, ఒక కాలికే జోడుతో పిట్టగోడ మీద కూర్చుని కాళ్ళూపుతుంది. ఏటి మీది పొగమంచు ఆమెలోంచి సాగిపోతుంటుంది. ఆయన కోపం గురించి చెబితే మూతి ముడుస్తుంది, కోరిక దగ్గరికొస్తే వేలు చీకుతుంది.

ఆరోజు వాదానికొచ్చిన నామ్ అనే పెద్దాయన మెల్లగా అడిగాడు.

"ఏమయ్యా, దుఃఖానికి రోజులు కట్టావు, బాగుంది. మరి ప్రేమకెన్ని కట్టావు?"

శిష్యులు తలలు దించుకున్నారు. పిట్టగోడ మీది పిల్ల మాత్రం జవాబు కోసం ఆయన్నే చూస్తోంది.

ఇంటికొచ్చేసరికి భార్య పెరట్లో ఊరేసిన సోయా ముద్ద జాడీలకు ఎండ తగలాలని మూతలు తీస్తోంది. ఒక్కదాన్ని మాత్రం పైపైన తుడిచి వదిలేసింది. ఆ జాడీలోది పులుసులోకి రాక చాలా రోజులైందని ఆయనకప్పుడు తట్టింది. వెళ్ళి మూతెత్తాడు. నున్నటి ముద్ద మీద చిన్న వేలి గుంట. దల్లే దొంగచాటుగా వేలితో తీసి నాకినప్పటిది.

భార్య పరుగున వచ్చి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

"లెక్క తప్పాను," అన్నాడు.

"మీరా? మీరు లెక్క తప్పడమేమిటి?"

"అధికమాసం కలపడం మరిచాను. ఇంకా రోజులున్నాయి."

"ఎన్ని?"

"తేలడం లేదు. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి."

అధికమాసం ఆయన మొదట్లోనే కలిపాడని ఆమెకు తెలుసు. పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడని మనిషి. ఆమె జాడీ మూత జాగ్రత్తగా మూసి, ఆయన చొక్కా చేతిలో ముఖం దాచుకుంది. ఇద్దరూ వీధిలోకి వినిపించేలా ఏడ్చారు.