మాడ్లోమోకు మనస్సాక్షి లేదు

పెళ్ళికొడుకు బొటనవేలిని రిజిస్టరులో ఒత్తించి, సిరా మరకను పాతగుడ్డతో తుడిచి, "సుఖంగా ఉండండి నాయనా" అంది నోమ్‌వూజో. ఏళ్ళ తరబడి అంటున్న మాట, రుచీ పచీ లేకుండా పోయింది. మోకాళ్ళు సలుపుతున్నాయి. కిరసనాయిలు పొయ్యికి వాసనే గాని వెచ్చదనం లేదు.

దక్షిణాఫ్రికాలో, ఈస్టర్న్ కేప్ కొండల్లోని ఆ చిన్న ఊరి సర్కారు ఆఫీసులో పెళ్ళిళ్ళు చేసే ఉద్యోగులు నలుగురు. ఆడా ఆడా, మగా మగా చేసుకునే పెళ్ళి తమ మనస్సాక్షికి సరిపడదని రాసిస్తే చట్టమే వాళ్ళను వదిలేస్తుంది. ముగ్గురు రాసిచ్చారు. నోమ్‌వూజో రాయలేదు. ధైర్యమా, పాడా! వాళ్ళు రాసినప్పుడు ఆమె మొగుణ్ణి పాతిపెట్టే పనిలో ఉంది. తిరిగొచ్చేసరికి అలాంటి జంటలన్నీ ఆమె నెత్తినే పడ్డాయి.

"మా అందరికీ మనస్సాక్షి ఉంది, మాడ్లోమోకే లేదు" అని పెద్ద గుమాస్తా ఫుండీలే ఆమెను వంశం పేరుతో పిలుస్తూనే ఎకసెక్కెమాడేవాడు. ఇవాళ మాత్రం నవ్వకుండా ఆ మనస్సాక్షి కాగితమే ఒకటి తెచ్చి ముందు పెట్టాడు.

"సంతకం పెట్టెయ్యమ్మా. చర్చివాళ్ళు నిన్నేమన్నారో ఊరందరికీ తెలుసు. ఈ వయసులో నీకెందుకీ పీడ?"

చర్చి మహిళా సంఘం పెద్ద నోన్‌కోసి మొన్న ఇంటికొచ్చి చెప్పింది. ఆ పెళ్ళిళ్ళు మానకపోతే గురువారం ప్రార్థనలో సంఘం ఎర్ర జాకెట్టు తిరిగిచ్చెయ్యాలి. సంఘంలో మనిషి పోతే ఆ జాకెట్టు తొడిగి, తోటి ఆడవాళ్ళందరూ చుట్టూ నిలబడి పాడి సాగనంపుతారు. నోమ్‌వూజో తల్లిని అలాగే సాగనంపారు. డాక్టరు గుండెజబ్బు సంగతి చెప్పినప్పటినుంచీ ఆమెకు ఇంకే కోరికా లేదు, అదొక్కటే. ఇవాళ గురువారం. జాకెట్టు సంచిలో ఉంది.

కలం తీసింది. అంతలో ఇద్దరు ఆడవాళ్ళు, వెనకాల ఒక ముసలాయన లోపలికొచ్చారు.

"మాడ్లోమో అంటే మీరేనా అమ్మా?" అంది లావుపాటామె. "నేను ఫేజీవే, ఇది లిండెల్వా. రెండుసార్లు వచ్చాం. మీకు ఒంట్లో బాగాలేదు, చేసేవాళ్ళు ఇంకెవరూ లేరని పంపేశారు. ఇవాళా పొమ్మంటే దీన్ని ఇక్కడే వదిలేసి పోతా. దారి పొడుగునా ఒకటే సణుగుడు!"

లిండెల్వా ఆమెను మోచేత్తో పొడిచి, ఫుండీలే మొహం చూసి తగ్గిపోయింది.

"పక్క ఊరి ఆఫీసులో ఈ పెళ్ళిళ్ళు చేసే ఆవిడ ఉండాలి కదా?" అని అడిగింది నోమ్‌వూజో.

ఫుండీలే తల గోక్కున్నాడు. "ఉండేది. ఆవిడా రాసిచ్చేసిందట."

నోమ్‌వూజోకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో ఆమెకే తెలియదు. కాగితం పక్కకు తోసింది.

"సాక్షులేరీ?"

"మా బాబాయి వచ్చాడు. రెండో ఆయన భయపడి బస్టాండులోనే ఉండిపోయాడు" అంది ఫేజీవే.

"నువ్వు రా ఫుండీలే."

"నేనా? నేను రాసిచ్చాను కదమ్మా!"

"పెళ్ళి చెయ్యనని రాశావు. చూడనని రాయలేదుగా. రా."

గొణుక్కుంటూనే వచ్చి నిలబడ్డాడు. కుడిచేతులు కలపమనగానే లిండెల్వా భోరుమంది. ఫుండీలే కిటికీ వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

సాయంత్రం చర్చిలో నోమ్‌వూజో జాకెట్టు వేసుకోకుండానే తన బల్ల మీద కూర్చుంది. నోన్‌కోసి వచ్చి పక్కన కూలబడింది.

"మానేశావా అక్కా?"

"లేదు చెల్లీ. ఇవాళా ఒకటి చేశాను."

"రేపట్నించి మానేస్తానని ఒక్క మాట అను. నీ దగ్గర ఇది తీసుకోవడం నాకు మాత్రం ఇష్టమా?"

"ఇంకెవరూ లేరమ్మా. ఉంటే మానేసేదాన్నే."

జాకెట్టున్న సంచి నోన్‌కోసి ఒళ్ళో పెట్టి నోమ్‌వూజో లేచింది. పాట మొదలైంది. బల్లలు పట్టుకుంటూ నడిచి, తలుపు దాటాక గోడకానుకుని చంటిపిల్లలా ఏడ్చింది. తన చావుకు ఇక ఆ పాట లేదు. శాలువా అంచుతో మొహం తుడుచుకుని ఇంటిదారి పట్టింది.

లోపల ఆడవాళ్ళు భుజం భుజం ఒరుసుకుంటూ పాడుతున్నారు. చోటు చాలక ఇరుక్కున్నారే గాని, ఎవరూ నోమ్‌వూజో ఖాళీ చేసిన చోటికి జరగలేదు. ఆ ఖాళీ ముందు నేల మీద, ప్రార్థనప్పుడు మోకాళ్ళ కిందికని ఆమె పాత దుప్పటి ముక్కలతో కుట్టుకున్న దిండు, మధ్యలో రెండు గుంటలతో అలాగే ఉంది.