గొర్రెల దిబ్బ మీద గుడ్డలు

మా ద్వీపంలో దాక్కోవడానికి చోటు లేదు. చెట్లు లేవు, ప్రహరీలు లేవు. ఉప్పుగడ్డి మైదానం, అందులో మట్టిదిబ్బలు, దిబ్బల మీద ఇళ్లు, ప్రతి వంటింటి కిటికీలో ఒక బైనాక్యులర్స్. ఎవరు ఎవరింటికి వెళ్లారో టీ కాగేలోపు అందరికీ తెలుస్తుంది.

డాగ్‌మార్ అనే దర్శకురాలు సినిమా తీయడానికి ఈ చోటునే ఎంచుకుంది. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి ఇళ్లు వదిలి పారిపోయి, ఖాళీ దిబ్బ మీద రాజ్యం పెట్టుకుంటారు. రాజుకు రేకు కిరీటం, రాణికి పసుపు కోటు, సైన్యానికి గొర్రెలు. మా బడిలో ఉన్నదే నలుగురు పిల్లలు. రాణి వేషం మారెన్‌కూ రాజు వేషం సోంకెకూ వచ్చాయి. ఇద్దరికీ పన్నెండేళ్లు.

సినిమాలో సోంకె చెప్పాల్సిన మాట ఒకటుంది: "నువ్వెళ్తే నేనూ వస్తా." సెప్టెంబరంతా చెప్పాడు. కెమెరా ఆగాక మాత్రం మారెన్‌తో గొర్రెల గురించే మాట్లాడేవాడు.

షూటింగ్ అక్టోబరులో ముగిసింది. మారెన్ తల్లికి ఒడ్డునున్న హుజుమ్ ఊరి ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చింది. ఇల్లు మూసి, సముద్రంలోని కట్ట మీద నడిచే పట్టాల బండిలో వెళ్లిపోతున్నారు. ముందురోజు మధ్యాహ్నం డాగ్‌మార్ రాణి కోటు తిరిగి ఇవ్వమంది. అది షూటింగ్ జరిగిన గొర్రెల దిబ్బ మీది గుడిసెలో ఉండిపోయింది. తేవడానికి మారెన్ బయల్దేరింది. సోంకె వెనకే నడిచాడు.

గాలి పడమటి నుంచి తిరిగింది, సముద్రం పొంగింది. వాళ్లు గుడిసెలో ఉండగానే వాగు నిండింది, తర్వాత మైదానం మునిగింది. గొర్రెలు దిబ్బెక్కి గుడిసెను ఆనుకుని నిలబడ్డాయి. మారెన్ తలుపు తోసింది. గాలి తిరిగి నెట్టేసింది.

"నువ్వెందుకొచ్చావ్ అసలు?"

"గొర్రెల్ని చూద్దామని."

"అబ్బో! అవి కబురు పెట్టాయా?"

సోంకె బయటికి చూశాడు. నీళ్లు మెట్ల దాకా వచ్చాయి.

"రేపు వెళ్లిపోతున్నా," అంది మారెన్. "సినిమాలో చెప్తావే, ఆ మాట. అది డాగ్‌మార్ రాసిందేనా, నీది కూడానా?"

"ఇంకో మెట్టు మునిగింది."

"నేనడిగింది మెట్ల గురించా, మొద్దూ?"

"అన్ని కిటికీల్లోంచీ చూస్తున్నారే."

"చూస్తే? మాటలు కూడా కనిపిస్తాయా వాళ్లకి?"

సోంకె కిటికీ దగ్గరికి నడిచాడు. "ముందు గుడ్డలు కడదాం," అన్నాడు.

అది మా పద్ధతి. నీళ్లు కమ్మినప్పుడు బయట చిక్కుకున్నవాళ్లు మనిషికో గుడ్డ కడతారు, మధ్యలో జాగా వదిలి. వెళ్లినవాళ్లెందరో అన్ని గుడ్డలు కనిపిస్తే అందరూ క్షేమం. నీళ్లు తీసేదాకా ఎవరూ పడవ తీయరు. ఒక్కటి తగ్గినా తీస్తారు.

సోంకె తన స్వెటర్ విప్పాడు, పసుపు కోటు అందుకున్నాడు. గాలి తగలని వైపు కిటికీ తెరిచాడు. స్వెటర్ చేతిని కోటు చేతికి ముడివేశాడు, పడవను కట్టే ముడి. రెంటినీ కలిపి ఒకే మేకుకు తగిలించాడు.

"ఇదీ," అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

మారెన్ ముడిని చూసింది. అతని చెయ్యి తీసుకుని తన జేబులో పెట్టుకుంది. "గడ్డకట్టావ్ కదరా," అంది. మధ్యలో జాగా వదలాలని నడక రాకముందు నుంచీ విన్నదే, ఇద్దరిలో ఒక్కరికీ గుర్తు రాలేదు. సాయంత్రం దాకా తమను ఎవరూ కదిలించరనుకున్నారు.

మోటారు చప్పుడు వినిపించింది. అలలకు అడ్డంగా మారెన్ తండ్రి నొమ్మెన్ పడవ వస్తోంది. గట్టుకు తగిలేలోపే అరిచాడు: "రెండోవాళ్లేరీ?"

ఇద్దరూ కిటికీలోంచి తలలు బయట పెట్టారు.

"ఒకటే కనిపించింది," అన్నాడు నొమ్మెన్. పడవ చెక్క మీద కూలబడ్డాడు. "ఒకటే. ఎవరిదో తెలియలేదు నాకు."

కాసేపటికి లేచి, వచ్చి గుడ్డలు అందుకున్నాడు. ముడి లాగాడు. తడిసి బిగుసుకుపోయింది.

"ఎవరు కట్టారు?"

"నేనే, మామా."

"మనిషికొకటని మీ తాత నేర్పలేదా?"

"నేర్పాడు."

"మరి?"

సోంకె కిటికీల వైపు చూశాడు. అవతలి దిబ్బల మీద అద్దాలు మెరుస్తున్నాయి.

"విడివిడిగా కట్టబుద్ధి కాలేదు, మామా. తను వెళ్లిపోతుంది కదా."

నొమ్మెన్ ముడి వదిలేశాడు. "పడవెక్కండి," అన్నాడు. మారెన్ గుడ్డల మూటతో ఎక్కింది, సోంకె వెనకే ఎక్కాడు.

తెల్లారేసరికి నీళ్లు తీసి పట్టాలు బయటపడ్డాయి. ముడి కోసి కోటు తీసుకోవడానికి డాగ్‌మార్ బండి దగ్గరికి కత్తెర తెచ్చింది. మారెన్ మూట వెనక్కి దాచుకుంది. "పద్ధతి అయ్యాక ముడి కోయకూడదు," అన్నాడు నొమ్మెన్. అలాంటి నియమం మా దగ్గర లేదు. లేదని మాత్రం అక్కడున్న మావాళ్లెవరూ అనలేదు.

సోంకెను ఇల్లు కదలొద్దన్నారు. వాళ్ల నాన్నమ్మ వంటింటి కిటికీ దగ్గర నిలబడి చూశాడు. బండి కట్ట మీదికెక్కింది. వెనక కడ్డీకి ముడి విప్పని కోటూ స్వెటరూ ఊగుతున్నాయి, దూరానికి ఒకటే పసుపు గుడ్డలా.

"నా వంతు, ఇటివ్వరా," అంది నాన్నమ్మ.

అతను బైనాక్యులర్స్ ఇవ్వలేదు.