సొరుగుల మేస్త్రి, నాలుగు పెట్టలు

పొద్దెక్కి రెండు గంటలు గడిచినా సొరుగుల మేస్త్రి పీట మీద నుంచి కదల్లేదు. గూడు జాలీకి అవతల నాలుగు కోడిపెట్టలు, ఇవతల ఆయన. ఎవరి పంతం వారిది. పది గంటల దాకా గూడు తలుపు తీసేది లేదు, ఈలోగా గుడ్డు పెట్టాల్సిందే, అదీ తను చేసిన పెట్టెలోనే పెట్టాల్సిందే అని ఆయన పట్టు. ఐదు రోజులుగా ఇదే వరస. కోళ్ళకు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉంది. నేల గోక్కుంటూ, మధ్యమధ్య మెడ వంచి ఒంటికన్నుతో ఆయన్ని చూస్తూ, పది దాకా ఎలాగో బిగబట్టుకుని, తలుపు తీయగానే పెరటి మూలకు పరుగు తీస్తున్నాయి.

పెరటి మూల పాత చెక్కల గుట్ట ఉంది. దాని కింద, మనిషి బోర్లా పాకితే తప్ప చేయి అందని చోట పెడతాయి గుడ్లు. గుట్ట తీయించినా ఇంకో కంత వెతుక్కుంటాయి, వాటి తెలివికేం. పాకేది మేస్త్రి అక్క. డెబ్బై రెండేళ్ళ అక్క. పోయిన నెలలో అలాగే పాకి, మోకాలు పట్టేసి, వెనక్కి రాలేక గంటసేపు లోపలే ఉండిపోయింది. మేస్త్రి లోపలి గదిలో నిద్రపోతున్నాడు. లేచి వెతుక్కుంటూ వస్తే గుట్ట కింద నుంచి రెండు పాదాలు కనిపించాయి.

"చచ్చాననుకున్నావా? ముందు ఈ గుడ్లు అందుకో, పగులుతాయి," అంది ఆవిడ లోపల్నుంచే.

ఆయనకు నవ్వు రాలేదు. గుడ్లు అందుకుని పక్కన పెట్టి, అక్కను మెల్లగా బయటికి లాగాడు.

ఆ తర్వాత వారమే ఆయన గుండె చూపించుకోవడానికి వెళ్ళాడు. డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, ఇంట్లో ఇంకెవరున్నారని అడిగాడు. అక్క ఉందని చెప్పాడు. ఈసారి వచ్చేటప్పుడు ఆవిణ్ణి కూడా తీసుకురమ్మన్నాడు డాక్టరు. మేస్త్రికి విషయం అర్థమైంది. అక్కతో మాత్రం, వేళకి తిని వేళకి పడుకోమన్నాడని చెప్పాడు. చావంటే ఆయనకు మరీ అంత బెంగ లేదు. తను పోయాక ఆ పాదాలు ఎవరికి కనిపిస్తాయన్నదే ఆయన బెంగ. అది చెవిలో జోరీగలా తిరుగుతుంటే మర్నాడే చెక్కలు ముందేసుకుని కూర్చున్నాడు.

నలభై ఒక్క ఏళ్ళు ఆయన ఒక బీరువాల కార్ఖానాలో పనిచేశాడు. బీరువా తలుపులు ఒకరివి, అద్దాలు ఒకరివి, రంగు ఒకరిది. సొరుగులు ఈయనవి. అన్నేళ్ళలో మొత్తం బీరువా ఒక్కటీ చేయలేదు, చేయమని ఎవరూ అనలేదు. కొనేవాళ్ళు తలుపులు తడిమేవాళ్ళు, అద్దంలో మొహం చూసుకునేవాళ్ళు. సొరుగు బాగుంటే ఎవరికీ గుర్తుండదు, ఇరుక్కుంటేనే చేసినవాణ్ణి తలుచుకుంటారు. ఈయన్ని ఎవరూ తలుచుకోలేదు. నోట్లో నాలుక లేని మనిషి, ఎవరూ తలుచుకోకపోవడమే తనకు మంచి మార్కు అనుకున్నాడు. అక్క భర్త పోయాక, తన పెళ్ళిమాట ఎత్తేవాళ్ళు లేకపోయాక, ఇద్దరూ ఈ ఇంట్లో సర్దుకున్నారు.

కాబట్టి కోళ్ళకు గుడ్లపెట్టె చేయాలనుకున్నప్పుడు ఆయన చేతులు సొరుగే చేశాయి. లోపల కోడికి పెట్టె, గూడు వెనక గోడలోంచి లాగితే సొరుగు. పిడి సరిగ్గా అక్క నడుము ఎత్తులో పెట్టాడు. వంగక్కర్లేదు, పాకక్కర్లేదు, నిలబడి లాగితే చాలు. జారే చోట కొవ్వొత్తి రుద్దాడు. కోళ్ళను ఊరించడానికి చెక్కతో ఓ గుడ్డు కూడా చెక్కి అందులో పెట్టాడు. అక్క దాన్ని తెచ్చి మూకుడు అంచుకేసి నాలుగుసార్లు కొట్టి, గోడకేసి కొట్టి, చివరికి ఒళ్ళు మండి పొయ్యిలో పారేసింది. మళ్ళీ చెక్కలేదాయన.

తొమ్మిదిన్నరకు గోధుమరంగు పెట్ట లేచింది. నడక చూసి దానికి మహారాణి అని పేరు పెట్టింది అక్క. అది పెట్టె దాకా ఆనించిన వాలుకర్ర ఎక్కి, లోపలికి తొంగి చూసి, ఒక కాలు లోపల పెట్టింది. కాలు సర్రున జారింది. రెండో కాలూ జారింది. రెక్కలు టపటపలాడించి, ఎవరో అవమానించినట్టు బయటికి దూకి మూలకు పోయింది.

మేస్త్రి లేచి వెనక్కి వెళ్ళి సొరుగు లాగాడు. గడ్డి మొత్తం ఒక మూలకు జారిపోయి ఉంది. అడుగున అరచేయి పెట్టి చూశాడు. గాజులా ఉంది. ఉప్పుకాగితంతో మూడుసార్లు రుద్దింది తనే, పైన రెండు పూతలు మెరుగు వేసింది తనే. గరుకు చెక్కను గరుకుగా వదిలేయడం ఆయనకు చేతకాదు.

"అక్కా," అని పిలిచాడు. "తప్పు నాదేనే. కోళ్ళని అనవసరంగా తిట్టాం."

అక్క వచ్చి వేలితో అడుగు తడిమి నోరు నొక్కుకుంది. "ఓరి నీ పనితనం తగలెయ్య! పురిటి మంచం ఎవడైనా ఇలా తళతళలాడిస్తాడా? కాలు నిలవని చోట అదెలా కూర్చుంటుందిరా?"

"మరి నువ్వు ముందే చెప్పొచ్చుగా."

"చెబితే వింటావా? నా పెట్టెకి వంక పెట్టావని మూడు రోజులు మూతి ముడుచుకునేవాడివి."

అది నిజమే కాబట్టి ఆయన ఉలి తెచ్చుకున్నాడు. తన చేత్తో నునుపు చేసిన చెక్క మీద తన చేత్తోనే గీతలు పెట్టాడు, అడ్డంగా, నిలువుగా, వంకరటింకరగా. మొదటి గీతకు ప్రాణం ఉసూరుమంది. పదో గీతకు అలవాటైంది. గడ్డి జారకుండా ముందువైపు ఓ పట్టీ కొట్టి, పాత దుప్పటి ముక్క కత్తిరించి పెట్టె మూతికి తెరలా వేలాడదీశాడు. లోపల మసక చీకటి పడింది. గుప్పెళ్ళతో గడ్డి దట్టంగా కూరాడు. అయ్యేసరికి మధ్యాహ్నమైంది. ఒళ్ళంతా చెమట. ఎండ తప్పించుకుని మళ్ళీ పీట మీద కూర్చుని గోడకు ఆనుకున్నాడు. ఇవాళ ఇక తలుపు తీయనని కోళ్ళకు చెప్పేశాడు.

మహారాణి ఆయన మాట విన్నట్టే చాలాసేపు ఆలోచించింది. తర్వాత వాలుకర్ర ఎక్కింది. తెరను ముక్కుతో పొడిచింది. కాలు పెట్టింది. కాలు నిలిచింది. లోపలికి వెళ్ళి రెండుసార్లు చుట్టూ తిరిగి, గడ్డి అటూ ఇటూ లాగి సర్దుకుని కూర్చుంది. తెర పడింది.

అప్పుడే మొదలైంది ఆయనకు. ఎడమ భుజం నుంచి దవడ దాకా బరువుగా ఏదో పాకి, రొమ్ము మీద కూర్చుంది. అక్క వంటింట్లో ఉంది, కేకేస్తే వినపడే దూరమే. నోరు తెరిచాడు. తెర వెనక గడ్డి మెల్లగా కదిలింది. ఇప్పుడు కేకేస్తే అది బెదిరి బయటికి దూకుతుంది. ఒక్కసారి బెదిరిందా, జన్మలో మళ్ళీ ఆ పెట్టె మొహం చూడదు. నోరు మూసుకున్నాడు. పెట్టనీ, పెట్టాక పిలుద్దాం అనుకున్నాడు. భయం వేసింది, అబద్ధమెందుకు. చేతులు మోకాళ్ళ మీద ఆనించి, ఊపిరి చప్పుడు కూడా కాకుండా కొంచెం కొంచెంగా పీల్చుకుంటూ తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. ఎంతసేపో తెలియలేదు. చివరికి మహారాణి లేచి, బయటికి వచ్చి, దులపరించుకుని, గొంతెత్తి ఊరంతా వినపడేలా కొక్కొక్కొక్కోమని చాటింది.

"హమ్మయ్య," అన్నాడు మేస్త్రి.

ఆ అరుపుకు అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నేరుగా గూడు వెనక్కి వెళ్ళి, నిలబడిన చోటే పిడి పట్టుకుని లాగింది. సొరుగు చప్పుడు లేకుండా వచ్చేసింది. ఆవిడ ఒక్క అరుపు అరిచింది.

"పెట్టిందిరోయ్! చూడు, ఎంత వెచ్చగా ఉందో!" గుడ్డు చెంపకు ఆనించుకుంది. "నీ మొండితనమే గెలిచింది పో. ఇక నేను ఆ గుట్ట కిందికి పాకితే ఒట్టు. విన్నావా? ఏంటి, పలకవు? ఇంత బెట్టా?"

నవ్వుతూనే ఇవతలికి వచ్చింది. తమ్ముడి తల గోడ మీద ఓ పక్కకు వాలి ఉంది. కళ్ళు గూడు వైపే ఉన్నాయి. ఆవిడ ఒకసారి పేరు పెట్టి పిలిచింది, ఇంకోసారి పిలవలేదు. మోకాళ్ళు ఎంత నొప్పెట్టినా కూలబడి ఆయన పాదాల దగ్గర కూర్చుంది. గుడ్డు ఇంకా చేతిలోనే ఉంది.

"పిలవొచ్చుగదరా," అంది. "ఒక్క కేకేస్తే పరిగెత్తుకు రానా? కోడి ఇవాళ కాకపోతే రేపు పెట్టేది కదరా నాయనా." ఆయన మోకాలికి తల ఆనించి ఏడ్చింది.

గూడు వెనక సొరుగు ఆవిడ లాగినంత మేరా బయటికే ఉండిపోయింది, గడ్డి మధ్యలో కోడి ఒళ్ళంత గుంటతో.