పోక నమలని గంట

ఐసు పెట్టె మూత మూడుసార్లు ఒత్తినా పడలేదు. ఓఫాద్ దాన్ని స్కూటరు వెనక పెట్టి రబ్బరు తాడుతో బిగించి, తాడు కొస పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. పొద్దున్న ఏడే అయింది. మోకాళ్ళకు మాత్రం అప్పుడే సాయంత్రమైపోయింది.

అరవై రెండేళ్ళ మనిషి. పొట్టిగా, వెడల్పుగా ఉంటాడు. ఎడమ దవడ పళ్ళన్నీ ఊడి ఆ చెంప లోపలికి పోయింది. ముప్ఫై నాలుగేళ్ళు ఆరోగ్య కేంద్రం బండి నడిపాడు. ఉద్యోగం అయిపోయినా పనులు అయిపోలేదు. కాదనడం రానివాడికి విశ్రాంతి ఎక్కడిది?

నాలుగు నెలల కిందట తైపే నుంచి పరిశోధన పని మీద చువాంగ్ మేడమ్ వచ్చింది. తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే గుర్తు ఒకటి మగవాడి ఒంట్లో ఉంటుందట. దాన్ని పట్టుకుని వెనక్కి పోతే, ఎక్కడెక్కడి దీవుల్లోనో మనలాంటి మాటలు మాట్లాడేవాళ్ళు ఈ తీరం నుంచే పడవలెక్కారో లేదో తేలుతుందట. ముసలివాళ్ళ చెంప లోపల దూదిపుల్లతో రుద్ది, కాగితం నింపి తెచ్చే పని ఓఫాద్‌కి పడింది.

"మా తాత ఎక్కడ పుట్టాడో నాకే తెలీదు, నా ఉమ్ముకి తెలుసా?" అని ముసలివాళ్ళు పకపకా నవ్వి నోళ్ళు తెరిచారు.

చిక్కు నోళ్ళతో రాలేదు, కాగితాలతో వచ్చింది. 'తండ్రి తరఫు ఇల్లు, ఊరు' అన్న చోట అందరూ పెళ్ళాం ఇంటి పేరు చెప్పారు. ఓఫాద్ అదే రాశాడు. మావైపు మగవాడు పెళ్ళయితే అత్తవారింటికి పోతాడు. ఇల్లూ పొలమూ ఆడవాళ్ళవి. నీది ఏ ఇల్లని అడిగితే అన్నం తినే ఇల్లు చెబుతాడు గానీ ఎప్పుడో పోయిన తండ్రి ఎక్కడివాడో ఎందుకు చెబుతాడు? మేడమ్ తల పట్టుకుని, అందరినీ మళ్ళీ అడగమంది. ఎండలో, వానలో నూట పన్నెండు గడపలు మళ్ళీ తొక్కాడు.

మిగిలింది నూట పదమూడో నంబరు. ఏటి అవతలి ఒడ్డున ఉండే నామోహ్. ఎనభై ఎనిమిదేళ్ళు. పోక నమలని క్షణం ఉండదు గనక, పిల్లకాలవలాంటి ఎర్రటి ఉమ్ముతో రెండుసార్లూ నమూనా పాడైంది. ఆ రెండుసార్లూ ఓఫాద్ తాను పోకుండా నర్సును పంపాడు. సాయంత్రం రైలుకి మేడమ్ పెట్టెతో వెళ్ళిపోతుంది. ఇవాళ నర్సు సెలవు.

"పోయి రావయ్యా," అంది భార్య హోంగాయ్, గిన్నెలు కడుగుతూ. "ఆయనేం కొరుకుతాడా?"

నామోహ్ అతని తండ్రి. ఆ మాట ఊరందరికీ తెలుసు, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. ఓఫాద్‌కి ఐదేళ్ళప్పుడు వాళ్ళమ్మ నామోహ్ కత్తినీ సంచినీ గుమ్మం బయట పెట్టింది, ఇక పొమ్మని. పొలం నుంచి వచ్చినవాడు వాటిని చూసి, తీసుకుని, వంతెన దాటి అక్క ఇంటికి వెళ్ళిపోయాడు. గొడవ లేదు, తిట్లు లేవు. బిడ్డ తల్లి ఇంటివాడు గనక ఉండిపోయాడు. తర్వాత యాభై ఏడేళ్ళూ పంటల పండగలో, చావుల దగ్గర కనబడితే తల ఊపుకున్నారు. ఓఫాద్ తన కాగితం, ఏడో నంబరుది, తండ్రి పేరు దగ్గర ఖాళీగానే వదిలాడు. ఆ ఖాళీ అతన్ని నాలుగు నెలలుగా తొలుస్తూనే ఉంది.

వంతెన అవతల నామోహ్ మేనకోడలు రొంగాచ్ కూర ఆకులు గిల్లుతోంది. "ఏవయ్యా, దారి తెలిసిందా?" అంది. ఎత్తిపొడుపే.

ముసలాయన చూరు కింద బల్ల మీద ఉన్నాడు. ఒళ్ళంతా ఎముకల గూడు, చేతులు మాత్రం పెద్దవి.

"పెద్దాయనా, నోరు కడుక్కుని గంటసేపు పోక నమలకూడదు," అన్నాడు ఓఫాద్.

"గంటా! చంపడానికొచ్చావా?"

కానీ లేచి, పుక్కిలించి వచ్చి కూర్చున్నాడు. ఓఫాద్ బల్ల రెండో చివర కూర్చున్నాడు. చేతులు ఊరుకోక ముసలాయన పోకలు చీలుస్తూ, సున్నం రాస్తూ, ఆకు చుడుతూ ఉన్నాడు.

"ఎడంపక్క పళ్ళు పోయాయేం?"

"పోయాయి."

చాలాసేపటికి ఓఫాద్ కాగితం తీశాడు. "మీ నాన్నది ఏ ఊరు?"

"దక్షిణాన్నుంచి వచ్చాడనేవారు. ఊరు తెలీదు. నేనడగలేదు." చేతులు ఆగాయి. "నువ్వు మాత్రం అడిగావా? యాభై ఏడేళ్ళకి కాగితం అడగమంటే అడుగుతున్నావు."

ఓఫాద్‌కి ముఖం కాలినట్టయింది. "మీరూ రాలేదుగా," అన్నాడు మెల్లగా.

"వంతెన దాకా వచ్చేవాణ్ణి. మీ అమ్మ గుమ్మం అది. ఎలా ఎక్కను?"

ముసలాయన మళ్ళీ పోక చీల్చడంలో పడ్డాడు. ఐసు కరిగి స్కూటరు కింద నీళ్ళు చుక్కలు పడుతున్నాయి. ఓఫాద్‌కి కునుకు పట్టింది. నాలుగు నెలల్లో హాయిగా పట్టిన కునుకు అదొక్కటే.

మెలకువ వచ్చి గడియారం చూస్తే గంటా పది నిమిషాలైంది. ముసలాయన గోడకు తల ఆనించి ఉన్నాడు. "పెద్దాయనా," అని పిలిచాడు. భుజం తట్టాడు. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది గానీ ఊపిరి లేదు.

రొంగాచ్ వచ్చి చూసి, ఆయన కళ్ళు మూసి, కింద కూలబడి ఏడ్చింది. కాసేపటికి ముక్కు చీది, "నోరు శుభ్రంగానే ఉంది. నీ పుల్ల రుద్దుకోవాలంటే రుద్దుకో," అంది.

ఓఫాద్ పుల్ల తీశాడు. తెరిచి ఉన్న ఆ నోటిని చూశాడు. చేతకాలేదు. మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

ఫోను మోగింది. "నూట పదమూడు తీసుకున్నారా?" అంది మేడమ్.

"లేదమ్మా. ఆయన పోయారు."

"అయ్యో! ఆ మగవరస నమూనా ఇంకెక్కడా దొరకదే!"

"ఏడో నంబరు చూడండి. అదీ ఇదీ ఒకటే."

"ఏడో నంబరు మీరు కదా?"

"అవును," అన్నాడు ఓఫాద్. "ఆయన మా నాన్న."

ఫోను పెట్టేసి, జనం వచ్చేలోగా శవాన్ని పడుకోబెడదామని బల్ల మీద జాగా చేయబోయాడు. అక్కడ ఆకుచుట్టలు ఏడెనిమిది వరసగా ఉన్నాయి. అన్నీ పెద్దాయన తినే లావుపాటివి. వరసలో కాక, ఓఫాద్ కూర్చున్న చోటికి జరిపి పెట్టిన చుట్ట ఒక్కటే చిన్నది. అందులోని పోక పళ్ళు లేనివాడికి చేసినట్టు మెత్తగా నలగ్గొట్టి ఉంది.