పన్నెండు కిలోమీటర్లు తూర్పుకి

గెన్నాదీ పావ్లొవిచ్‌ని కార్‌లో పక్కన కూర్చోబెట్టుకుని డ్రైవ్ చేసే శిక్ష పగవాడికి కూడా వద్దు. ఎనభయ్యారేళ్లాయనకి. ఒకప్పుడు సోవియట్ యూనియన్‌లో ఏ ఫ్యాక్టరీ ఏ ఊళ్లో పెట్టాలో తేల్చిన ఆర్థిక భూగోళశాస్త్ర ప్రొఫెసర్. అంతటివాణ్ణి దారి అడిగితే మాత్రం, హైవే మీద తిరగాల్సిన ఎగ్జిట్ దాటాక చెబుతాడు. కావాలని కాదు పాపం, అలవాటు. ఆ దేశంలో మ్యాప్ ఉన్నదున్నట్టు గీస్తే నేరం. శత్రువు చూస్తాడని ఊళ్లనీ నదుల్నీ పక్కకి జరిపి అచ్చు వేసేవాళ్లు. ఈయన నలభై ఏళ్లు అదే పని చేసి మెడల్ కూడా కొట్టేశాడు.

కృష్ణారావుకి ఈ సంగతులన్నీ కొట్టినపిండి. మాస్కోలో ఈయన దగ్గరే పీహెచ్‌డీ చేసి, గుంటూరులో జాగ్రఫీ చెప్పి రిటైరయ్యాడు. ఇప్పుడు అమెరికాలో, ఫ్రీమాంట్‌లో కూతురు జాహ్నవి దగ్గర ఉంటున్నాడు. ఓ రోజు ఇండియన్ స్టోర్‌లో వంకాయలు ఏరుతుంటే, పక్కనే వంకాయలు ఏరుతూ గురువుగారు. ఇద్దరూ అక్కడే కావలించుకుని ఏడ్చారు.

గురువుగారికి ఇప్పుడు దేశం లేదు. పాత పాస్‌పోర్ట్ ఇచ్చిన దేశం ఎప్పుడో పోయింది, కొత్తది ఆయన అడగలేదు. చచ్చేలోగా ఎవరో ఒకరు తనని మావాడే అంటే చాలంటాడు. సిటిజన్‌షిప్‌కి రెండుసార్లు అప్లై చేస్తే రెండుసార్లూ తన్నేసింది. పుట్టిన ఊరు ఒక్కో కాగితంలో ఒక్కో పేరు రాశాడు మరి! ఇది మూడోసారి. ఇక నాలుగోసారికి ఓపిక లేదని ఆయనే అన్నాడు.

ఇంటర్వ్యూకి రష్యన్ ఇంటర్‌ప్రెటర్‌గా కృష్ణారావు బయల్దేరాడు. రష్యా ఆయనకీ అమెరికా ఆఫీసర్‌కీ మధ్య గుంటూరేంటి నాన్నా అని జాహ్నవి పడీపడీ నవ్వింది.

పార్కింగ్‌లో కృష్ణారావు బతిమాలాడు. ఈసారైనా అసలు ఊరి పేరు చెప్పమన్నాడు. అక్కడ మిలిటరీ ఫ్యాక్టరీ పెట్టమన్నది ఈయనే. పెట్టాక ఆ ఊరు రహస్యమైపోయింది. ఎక్కడుందో చచ్చినా చెప్పనని ఈయన చేతే సంతకం పెట్టించుకున్నారు.

“ఆ సంతకం పెట్టించుకున్న దేశమే లేదు సార్.”

“దేశం పోయింది. సంతకం నాదే కదా,” అన్నాడాయన.

లోపల ఆఫీసరమ్మ నెమ్మదస్తురాలు. ఎప్పుడైనా ప్రభుత్వానికి తప్పుడు సమాచారం ఇచ్చారా అని రివాజు ప్రకారం అడిగింది. ప్రొఫెసర్ మొహం వెలిగిపోయింది. ప్రభుత్వానికి ఇవ్వలేదనీ, ప్రభుత్వం తరఫున ఇచ్చాననీ, అందులో తనకి మొదటి బహుమతి వచ్చిందనీ చెప్పాడు. ఉన్నదున్నట్టు అనువదిస్తానని ప్రమాణం చేసిన కృష్ణారావు, ఖర్మరా బాబూ అనుకుంటూ మెడల్‌తో సహా అనువదించాడు.

తర్వాత పుట్టిన ఊరు అడిగింది. తలుపు వైపు ఒకసారి చూసి, తిఖోరెచ్ అన్నాడు ముసలాయన.

ఆఫీసరమ్మ కంప్యూటర్‌లో కొట్టి స్క్రీన్ ఇటు తిప్పింది. పేరైతే ఉంది గానీ దాని కింద ఉపగ్రహం తీసిన ఫొటోలో ఒక్క ఇల్లు లేదు. అంతా బురద, రెల్లు. ఇక్కడ మనుషులే ఉండరు, మీరెలా పుట్టారని అడిగింది.

కృష్ణారావుకి అర్థమైంది. ఎవరో పాత సోవియట్ మ్యాప్ చూసి ఆ పేరు అక్కడ పెట్టేశారు. ఆ మ్యాప్ గీసింది గురువుగారే. అయిపోయింది మన పని అనుకున్నాడు.

ప్రొఫెసర్ లేచాడు. వేలు స్క్రీన్ మీద పెట్టి ఎడమకి లాక్కుంటూ పోయాడు. రెల్లు దాటింది, నది దాటింది. తెల్లటి కప్పులున్న చోట వేలు ఆగింది.

“తూర్పుకి పన్నెండు కిలోమీటర్లు నేనే జరిపానమ్మా. ఊరు ఇక్కడుంది. మా అమ్మ పోయిందని టెలిగ్రాం వచ్చిన రోజు కూడా ఆఫీసుకెళ్లి, కొత్త మ్యాప్‌లో మళ్లీ జరిపే ఇంటికెళ్లాను.”

కృష్ణారావు అనువదించబోయి ఆగాడు. మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టి, అంతా చెప్పాడు.

ఆఫీసరమ్మ కాసేపు టైప్ చేసి, ఇంటర్వ్యూ పాసయ్యారని చెప్పింది. కృష్ణారావు ఆ మాట రష్యన్‌లో రెండుసార్లు చెప్పాడు. ముసలాయన స్క్రీన్ మీంచి వేలు తియ్యలేదు. ఈ బొమ్మ ఇంకాస్త పెద్దది చెయ్యమని అడుగు, శ్మశానం చర్చి వెనక ఉండాలి అన్నాడు.